రేటు ఉన్నప్పుడు చక్కెర ఎగుమతి ఎందుకు ఆపారు? చెరకు రైతుకి దీంతో ఏమైనా వస్తుందా?

మొక్కతోట:
మాది ఉత్తరాంధ్ర, నాన్న రెండెకరాల్లో చెరకు వేస్తారు. 2021-22లో మన దేశం నుంచి దాదాపు 110 లక్షల టన్నుల చక్కెర బయటికి వెళ్లింది, అదే రికార్డు. 2023-24కి వచ్చేసరికి ఎగుమతి దాదాపు ఆగిపోయింది. అప్పుడే 2023 చివర్లో న్యూయార్క్‌లో ముడి చక్కెర పౌను (దాదాపు 450 గ్రాములు) 28 సెంట్ల దాకా పోయింది, పన్నెండేళ్లలో అంత రేటు లేదు. మంచి రేటు వదులుకోవడం ఏంటి? ఎగుమతి పెరిగితే నాన్నకి టన్నుకి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయా?

బందరురోడ్డు:
మిల్లులు వదులుకోలేదండీ, అమ్మనివ్వలేదు. 2022 జూన్ 1 నుంచి కేంద్రం అనుమతి లేకుండా చక్కెర బయటికి పోదు. 2022-23లో 60 లక్షల టన్నులకి కాస్త పైన పంపనిచ్చారు. తర్వాత 2023 ఆగస్టులో వానలు బాగా తగ్గిపోయాయి, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు, మహారాష్ట్ర, కర్ణాటకల్లో చెరకు దెబ్బతింది, పైగా ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఇక్కడ ధర పెరుగుతుందని తలుపేశారు.

రవ్వలడ్డు:
దానికి ముందు సంగతి కూడా చూడండి. 2019-20లో బయట రేటు లేక మిల్లులకి టన్నుకి 10,448 రూపాయలు సాయమిచ్చి మరీ పంపారు. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా దీని మీద డబ్ల్యూటీఓకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) వెళ్లాయి, 2021 డిసెంబర్‌లో తీర్పు మనకి వ్యతిరేకంగా వచ్చింది, మనం అప్పీలుకి వెళ్లాం. అంటే రేటు లేనప్పుడు ఎదురు డబ్బిచ్చి పంపి, రేటు వచ్చినప్పుడు ఆపేశాం, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. 2024-25కి 10 లక్షల టన్నులు, 2025-26కి 15 లక్షలు అన్నారు కానీ 2025 చివరికి ముడి చక్కెర 15 సెంట్ల దగ్గరికి దిగిపోయింది, అంటే కిలో 30 రూపాయల లోపే. ఇక్కడ మిల్లు దగ్గరే అంతకంటే ఎక్కువ వస్తుంటే ఎవరు పంపుతారు?

గానుగసీజన్:
ఒక ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో చాలా ఏళ్లు చేశాను. నాన్నగారికి టన్ను రేటు ఎగుమతితో మారదు బాబూ. 2025-26కి ఎఫ్‌ఆర్‌పీ, అంటే మిల్లు రైతుకి ఇవ్వాలని కేంద్రం పెట్టిన కనీస ధర, క్వింటాలుకి 355, అదీ రికవరీ (చెరకులోంచి వచ్చే చక్కెర) 10.25 శాతం ఉంటే. 9.5 కంటే తక్కువైతే 329 రూపాయల 5 పైసలు. మన వైపు ఫ్యాక్టరీలు చాలావరకు ఈ కింది రేటు దగ్గరే ఉంటాయి. మాకు కేంద్రం నుంచి ఎగుమతి కోటా వచ్చినా వేరే రాష్ట్రాల మిల్లులకి ఇచ్చేసి, బదులుగా దేశంలో అమ్ముకునే కోటా తీసుకునేవాళ్లం. దాంతో గోడౌన్ ఖాళీ అయ్యి, చేతికి డబ్బొచ్చి, రైతుల బకాయిలు కాస్త ముందు తీరేవి. రైతుకి దక్కేది అదే. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు పడాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలని చట్టంలో ఉంది.

మొక్కతోట:
వడ్డీ సంగతి మాకు ఎవరూ చెప్పలేదండీ! పోయిన సీజన్ డబ్బు ఐదు నెలలకి పడింది. తూకం రసీదులన్నీ నాన్న దాచారు. అర్జీ ఎవరికి పెట్టాలి?

గానుగసీజన్:
కేన్ కమిషనర్‌కి, అంటే రాష్ట్రంలో చెరకు వ్యవహారాలు చూసే అధికారికి. రసీదులూ, డబ్బు పడిన తేదీ కనిపించేలా పాస్‌బుక్కూ జిరాక్స్ తీయించండి. మీ ఊళ్లో ఇంకెవరికైనా ఇలాగే అయితే వాళ్లనీ కలుపుకోండి, ఒక్కరి అర్జీ కంటే పదిమంది సంతకాలుంటే త్వరగా చూస్తారు.