పొరుగు ఊళ్ల ఉమ్మడి సేవలు: ప్రాంతీయ మండలిలో ఎవరి ఓటుకు ఎంత బలం, ఎవరి వాటా ఎంత?

ప్రశ్న

అందరికీ నమస్కారం. స్థానిక స్వపరిపాలన గురించి ఒక అధ్యయన బృందంలో ప్రసంగించవలసి ఉన్నందున కొన్ని వారాలుగా ఈ విషయం చదువుతున్నాను. పక్కపక్కనే ఉన్న ఐదారు ఊళ్లను ఊహించుకోండి. ప్రతి ఊరికీ సొంత పాలకవర్గం, సొంత బడ్జెట్ ఉంటాయి. కానీ అన్నిటికీ నీరు వచ్చే జలాశయం ఒక్కటే, అన్నిటి మురుగూ చేరే వాగు ఒక్కటే, చెత్త వేయడానికి తగిన స్థలం మాత్రం ఏదో ఒక్క ఊరి పొలిమేరలోనే ఉంటుంది. ఇటువంటి చోట్ల చాలా దేశాలలో ప్రాంతీయ మండలి పేరుతో ఒక ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేశారని తెలుసు. మన దేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీని, మహానగర ప్రణాళికా కమిటీని పేర్కొన్నది. అయితే వాటి పని అభివృద్ధి ప్రణాళిక ముసాయిదాను తయారు చేయడమే గాని, నీటిని, చెత్తను, బస్సులను రోజువారీగా నడపడం కాదు. నాకు కావలసింది ఆ నడిపే పద్ధతి.

నా సందేహాలు మూడు. పెద్ద పట్టణానికీ చిన్న ఊరికీ మండలిలో సమానంగా ఓటు ఉండాలా, జనాభాను బట్టి ఉండాలా? ఖర్చు ఏ లెక్కన పంచుకుంటారు? ఏదైనా ఒక ఊరు "మాకు ఈ ఏర్పాటు వద్దు" అంటే ఏమవుతుంది?

మొదటి జవాబు

మీ మూడు సందేహాలకూ చట్టంలోనే విడివిడిగా జవాబు రాసిపెట్టిన చోటు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా. ముందు దానిని చదవమని నా సలహా. అక్కడ 1965లో చట్టాన్ని సవరించి ప్రాంతీయ జిల్లాలను ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు, ఇప్పుడు అవి 27 ఉన్నాయి. పట్టణాల తరఫున మండలిలో కూర్చునేవారు ఆ పట్టణ పాలకవర్గాలు తమ సభ్యులలో నుంచి ఎంచి పంపినవారే. ఏ పట్టణంలోనూ చేరని గ్రామీణ ప్రాంతాల ప్రతినిధులను మాత్రం అక్కడి ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. ఈ అమరిక వల్ల ప్రాంతీయ స్థాయిలో ఒప్పుకున్న ఖర్చుకు తన పట్టణ ప్రజల ముందు సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషే ఆ ఖర్చు మీద ఓటు వేస్తాడు.

ఓటు విషయానికి వస్తే, వారు ఒకే పద్ధతిని అన్నిటికీ వర్తింపజేయలేదు. సాధారణ తీర్మానాలకు సభ్యుడికి ఒక్క ఓటు చొప్పున లెక్కిస్తారు. బడ్జెట్, అప్పు, ఆస్తుల కొనుగోలు వంటి డబ్బు వ్యవహారాలకు జనాభాను బట్టి బరువు తూచిన ఓటు ఉంటుంది. వాంకూవర్ పరిసర పట్టణాల ఉమ్మడి సంస్థలో ప్రతి 20,000 మందికి ఒక ఓటు, మిగిలిన భాగానికి ఇంకొకటి. ఈ లెక్కన 65,000 జనాభా ఉన్న పట్టణానికి నాలుగు ఓట్లు వస్తాయి, వాటిని ఒకే సభ్యుడు వేస్తాడు. 2,10,000 జనాభా ఉంటే పదకొండు ఓట్లు వస్తాయి. కాని ఒక్క సభ్యుడి చేతిలో ఐదుకు మించి ఓట్లు ఉండకూడదన్న నియమం వల్ల ఆ పట్టణం ముగ్గురిని పంపుతుంది. ఇక ఒక సేవను నడిపే తీరు మీద తీర్మానం వస్తే, ఆ సేవలో చేరిన ఊళ్ల సభ్యులు మాత్రమే ఓటు వేస్తారు. నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇదే, ఎందుకంటే నీటి పథకంలో చేరని ఊరికి ఆ పథకం మీద పెత్తనం ఇవ్వడం గాని, చేరిన ఊరి భారాన్ని చేరనివారు నిర్ణయించడం గాని న్యాయం అనిపించదు.

ఫ్రాన్సులో ఇదే చిక్కును వేరే దారిలో విప్పారు. సుమారు 35,000 కమ్యూన్లు (సొంత పాలకవర్గం ఉన్న ఊళ్లు, పట్టణాలు), వాటిలో చాలా భాగం అతి చిన్నవి ఉన్న దేశం అది. కమ్యూన్ల ఉమ్మడి మండళ్లలో సీట్లను జనాభాను బట్టే పంచుతారు, అయితే ఎంత చిన్న కమ్యూన్‌కైనా కనీసం ఒక్క సీటు దక్కాలి, ఎంత పెద్దదానికైనా సగానికి మించి దక్కకూడదు. పెద్ద పట్టణం ఒంటరిగా తీర్మానం నెగ్గించుకోలేదు, చిన్న ఊళ్లు కూడా పెద్ద పట్టణం డబ్బును దాని మాట వినకుండా ఖర్చు చేయడం కష్టం.

ఖర్చు సంగతి. బ్రిటిష్ కొలంబియాలో ఉమ్మడి సేవ ప్రతిదానికీ ఒక స్థాపక నిబంధన రాసుకుంటారు. ఆ సేవ ఏమిటి, ఎంత మేర వర్తిస్తుంది, ఏ ఊళ్లు చేరాయి, డబ్బు ఏ విధంగా రాబట్టాలి, గరిష్ఠంగా ఎంత అడగవచ్చు అన్నవి అందులో ఉంటాయి. చేరే ఊళ్ల సమ్మతి లేకుండా అది అమలులోకి రాదు. నీటి లెక్క నీటికే, పార్కుల లెక్క పార్కులకే విడిగా ఉంటుంది. చాలామంది గమనించని అంశం ఒకటుంది: మండలి ఇల్లిల్లూ తిరిగి పన్ను వసూలు చేయదు, పట్టణాలను తమ వాటా చెల్లించమని అడుగుతుంది, ప్రజల దగ్గర వసూలు చేసేది పట్టణమే. నీటి సరఫరాలోనూ ఈ విభజనే కనిపిస్తుంది. వాంకూవర్ ప్రాంతంలో కొండల్లోని జలాశయాలను, శుద్ధి కేంద్రాలను, పెద్ద పైపులైన్లను ఉమ్మడి సంస్థ చూసుకుని పట్టణాలకు నీటిని టోకుగా అమ్ముతుంది. వీధి పైపులు, ఇంటి కనెక్షన్లు, బిల్లులు పట్టణాల బాధ్యత.

మూడవ సందేహానికి అక్కడి చట్టంలో సమాధానం ఉంది. ఏదైనా సేవలో అసంతృప్తి ఉన్న ఊరు ముందు ఆ సేవను సమీక్షించమని అడగవచ్చు, అక్కడ పరిష్కారం కాకపోతే వైదొలగే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు, అప్పటికీ రాజీ కుదరకపోతే మధ్యవర్తి తీర్పు దాకా వెళ్లవచ్చు.

రెండవ జవాబు

పై వివరణ బాగుంది. ఓటు, వాటాల కంటే ముందే తేల్చుకోవలసిన విషయం మాత్రం సరిహద్దు అని నా అభిప్రాయం. వర్షపు నీరు పాలకవర్గాల హద్దులు చూసి ప్రవహించదు. న్యూజిలాండ్‌లో 1989లో స్థానిక సంస్థలను సమూలంగా పునర్వ్యవస్థీకరించినప్పుడు ప్రాంతీయ మండళ్ల హద్దులను చాలావరకు నదుల పరివాహక ప్రాంతాలను అనుసరించి గీశారు, వరద నివారణ, నీటి వినియోగ అనుమతులు, నేల సంరక్షణ వాటికి అప్పగించారు. ఇంటింటికీ నీరు ఇవ్వడం, వీధుల నిర్వహణ మాత్రం నగర, జిల్లా మండళ్ల దగ్గరే ఉంచారు. నెదర్లాండ్స్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ మధ్యయుగం నుంచి వస్తున్న నీటి మండళ్లు ఇప్పుడు 21 ఉన్నాయి, వాటికి సొంత ఎన్నికలు, సొంత పన్నులు ఉన్నాయి. గట్ల మరమ్మతు డబ్బు కోసం అవి ఏ పట్టణాన్నీ బతిమాలుకోనక్కరలేదు.

బస్సుల హద్దు దీనికి పూర్తిగా భిన్నం, ఎందుకంటే జనం ఉదయం పనికి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నారన్నదే దానికి ఆధారం. అగ్నిమాపక సేవకు హద్దు నిమిషాలలో ఉంటుంది: పొరుగు ఊరి కేంద్రం దగ్గరగా ఉంటే అక్కడి వాహనమే ముందు రావాలి, పిలుపు అందుకునే కేంద్రం ఉమ్మడిగా లేకపోతే ఇది సాధ్యపడదు. అన్ని సేవలనూ ఒకే గీత లోపల ఇరికించాలని చూసే మండలి ఏదో ఒక సేవను తప్పు హద్దులో నడుపుతూ ఉంటుంది. ఎన్నో హద్దులుంటే పౌరుడికి ఎవరిని అడగాలో తెలియదన్న అభ్యంతరం ఉంది, అది నిజమే. ఆ ఇబ్బందిని ఫిర్యాదులు స్వీకరించే చోటు ఒక్కటిగా ఉంచి తగ్గించవచ్చు.

మూడవ జవాబు

నేను కొన్నేళ్లపాటు ఒక ఉమ్మడి నీటి పథకంలో లెక్కలు చూశాను. నిర్మాణ ఖర్చు పంచుకోవడంలో మాకు పెద్ద తగాదా రాలేదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం పై ప్రభుత్వం ఇచ్చిన నిధి. గొడవ అంతా నిర్వహణ దగ్గర మొదలైంది. ఒప్పందంలో "నిర్వహణ వ్యయాన్ని సభ్య ఊళ్లు సమంజసంగా భరించాలి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. సమంజసం అంటే జనాభానా, వాడిన నీరా, పైపులైను పొడవా అన్నది ఎవరూ రాయలేదు. చివరన ఉన్న ఊరికి ఒత్తిడి చాలక నీరు తక్కువగా వచ్చేది, అయినా జనాభా లెక్కన సమాన వాటా అడిగేవారు. వారు చెల్లించడం మానేశారు. విద్యుత్ బిల్లు బకాయి పడింది, పంపులు ఆగితే చెల్లించిన ఊళ్లకూ నీరు ఆగింది.

ఆఖరికి ప్రతి ఊరి ముఖద్వారం దగ్గర పెద్ద మీటరు బిగించి, ఖర్చును రెండు భాగాలు చేశాక గాని పరిస్థితి కుదుటపడలేదు. జీతాలు, అప్పు వాయిదా, తరుగుదల వంటి స్థిర ఖర్చును ఏ ఊరికి ఎంత నీరు కేటాయించారో ఆ నిష్పత్తిలో పంచాము, విద్యుత్తు, రసాయనాల ఖర్చును మీటరు చూపిన నీటిని బట్టి వసూలు చేశాము. చివరి ఊరివారు మొదటి నెల బిల్లును మీటరుతో సరిచూసుకుని, మర్నాడే డబ్బు కట్టారు. వారికి కావలసింది రాయితీ కాదని, లెక్క కనబడటమని నాకు ఆ రోజు అర్థమైంది.

చెత్త విషయంలో ఇంకో మాట చేర్చాలి. డంపింగ్ యార్డు ఏ ఊరి పొలిమేరలో ఉందో ఆ ఊరు లారీల రద్దీని, దుర్వాసనను, భూగర్భజలాల భయాన్ని మోస్తుంది. అందరితో సమానంగా వాటా కట్టమని ఆ ఊరిని అడగడం అన్యాయం. టన్నుకు ఇంత చొప్పున ఆ ఊరికి పరిహారం చెల్లించాలని, యార్డు నిండిన తరువాత మూసివేసి కనిపెట్టుకుని ఉండే ఖర్చుకు మొదటి రోజు నుంచే నిధి కూడబెట్టాలని ఒప్పందంలోనే రాసుకోవాలి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముఖద్వారం మీటరు సంగతి నేను చదివిన వ్యాసాలలో ఎక్కడా దొరకలేదు. ఇంకొక అనుమానం మిగిలింది. ఒక ఊరిలో పెద్ద వ్యాపార సముదాయం, కర్మాగారాలు ఉండి పన్ను రాబడి బాగా వస్తుంది. అక్కడ పనిచేసేవారు నివసించే పక్క ఊరిలో పిల్లల బడులు, వీధిదీపాలు, పారిశుద్ధ్యం ఖర్చు మాత్రమే మిగులుతుంది. ప్రాంతీయ మండలి ఈ అసమానతను సరిదిద్దగలదా?

నాలుగవ జవాబు

సరిదిద్దిన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టూ ఉన్న ఏడు కౌంటీలలో (మన జిల్లాల వంటివి) 1971లో చేసిన చట్టం ప్రకారం, ఆ ఏడాది తరువాత ప్రతి పట్టణంలో పెరిగిన వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను విలువలో 40 శాతాన్ని ఉమ్మడి ఖాతాలో చేరుస్తారు. దానిని జనాభాను, తలసరి ఆస్తి విలువను చూసి తిరిగి పంచుతారు, ఆస్తి విలువ తక్కువ ఉన్న పట్టణానికి ఎక్కువ అందుతుంది. కొన్ని పట్టణాలు న్యాయస్థానానికి వెళ్లాయి, 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఇక్కడ కీలకం "పెరిగిన" అన్న మాట. అప్పటికే ఉన్న రాబడిని ఎవరి దగ్గరా లాక్కోలేదు. కొత్త కర్మాగారం ఏ ఊరికి వచ్చినా పక్క ఊళ్లకూ కొంత దక్కుతుంది గనుక, దానికోసం పన్ను రాయితీలతో పోటీపడే ఒత్తిడి కూడా కొంత తగ్గుతుంది.

అయితే ఆ చట్టం చేసింది రాష్ట్ర శాసనసభ అని మరవకూడదు. ఊళ్లు తమంతట తాము కూర్చుని ఇటువంటి ఒప్పందానికి రావడం చాలా కష్టం, ఇచ్చుకోవలసిన ఊరు ఎప్పుడూ ఒప్పుకోదు. అదే ప్రాంతంలో 1967లో ఏర్పడిన మెట్రోపాలిటన్ కౌన్సిల్ మురుగునీరు, బస్సులు చూస్తుంది. దాని 17 మంది సభ్యులను గవర్నరు నియమిస్తారు గనుక, ప్రజలు ఎన్నుకోనివారు ప్రజల మీద ఎలా భారం వేస్తారన్న విమర్శ అక్కడ తరచూ వినిపిస్తుంది. ఆ విమర్శను నేను తేలికగా తీసుకోను.

మొదటి జవాబు ఇచ్చినవారు, మళ్లీ

వైదొలగడం గురించి నేను పైన క్లుప్తంగా రాశాను, కొంచెం చేర్చుతాను. ఊరు బయటికి వెళ్లవచ్చు గాని, దానికోసం తెచ్చిన అప్పు దానితోపాటు మాయం కాదు. అందుకని బయటికి వెళ్లే ఊరు మిగిలిన అప్పులో తన వాటాను ఎలా తీరుస్తుందో ముందే రాసుకోవడం మంచిది.

మండలిని మొత్తంగా రద్దు చేస్తే ఏమవుతుందో ఇంగ్లాండులో చూడవచ్చు. 1986లో లండన్ మహానగర మండలినీ, ఆరు మహానగర కౌంటీ మండళ్లనూ రద్దు చేశారు. అయినా అగ్నిమాపక సేవను మాంచెస్టర్ చుట్టూ ఉన్న పది స్థానిక మండళ్ల మధ్య పది ముక్కలు చేయడం కుదరలేదు, అక్కడ అగ్నిమాపక, పోలీసు, రవాణా సేవలకు ఉమ్మడి బోర్డులు పెట్టవలసి వచ్చింది. ఆ పది మండళ్లు పాతికేళ్లపాటు స్వచ్ఛంద సంఘంగా కలిసి పనిచేసి, 2011లో చట్టబద్ధమైన ఉమ్మడి సంస్థగా ఏర్పడ్డాయి. 2023 సెప్టెంబరు నుంచి దశలవారీగా బస్సు మార్గాల, ఛార్జీల మీద అధికారాన్ని చేతిలోకి తీసుకుని, 2025 జనవరికి ఆ ప్రాంతమంతటా పూర్తిచేశాయి. మీ ప్రసంగంలో ఈ ఉదాహరణకు కొంత సమయం ఇవ్వండి. ఆ పది మండళ్లలో ఏదీ తన పేరును, తన ఎన్నికలను పోగొట్టుకోలేదు.