కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి జనం రావాలంటే ఏం చెయ్యాలి?

గోల్‌కీపర్ (మద్దిలపాలెం):

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ చదువుతున్నాను. కాలేజీ పేరు చెప్పను, పరువు పోతుంది. ఫుట్‌బాల్ టీంలో గోల్‌కీపర్ని. కిందటేడు ఏడు మ్యాచ్‌లు ఆడి ఒకటి గెలిచాం, ఒకటి డ్రా చేశాం, మిగతా లెక్క మీరే వేసుకోండి. ఓడిపోవడం అలవాటైపోయింది గానీ, ఎవరూ చూడకుండా ఓడిపోవడం మాత్రం ఇంకా అలవాటు కావట్లేదు.

గ్రౌండ్ ఎంత ఖాళీగా ఉందో గోల్‌కీపర్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. బంతి గోల్ పక్కనుంచి పోతే నేరుగా వెనక ఉన్న తుప్పల్లోకి వెళ్తుంది. అక్కడ నిలబడి అందించేవాడు ఒక్కడూ ఉండడు. నేనే వెళ్ళి వెతుక్కుని తెచ్చుకోవాలి. ఈలోపు రెండు టీంలూ నడుం మీద చేతులేసుకుని నాకోసం ఎదురుచూస్తుంటాయి. చేతులకి గ్లవ్స్ ఉండబట్టి ముళ్ళ బాధ తప్పింది.

మొన్న మ్యాచ్‌లో పని లేనప్పుడు (అరుదుగా దొరుకుతుంది) జనాన్ని లెక్కపెట్టాను. పద్నాలుగు మంది. అందులో ఇద్దరు బీకాం వాళ్ళు గట్టు మీద కూర్చుని సెల్‌లో క్రికెట్ చూస్తున్నారు. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన ఊరు ఇది, క్రికెట్‌తో పోటీ పడాలని నాకేం లేదు. ఓ రెండొందల మంది వస్తే చాలు.

వాట్సాప్ స్టేటస్‌లు పెట్టాం, నోటీసు బోర్డు మీద పోస్టర్ అంటించాం. ఓసారి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌ని బతిమాలి, మ్యాచ్‌కి వస్తే క్లాసు అటెండెన్స్ వేయించేలా ఒప్పించాం. ఆరోజు గట్టు నిండిపోయింది. హాఫ్ టైంలో సంతకాల కాగితం తిరిగింది, సెకండాఫ్ మొదలయ్యేసరికి మళ్ళీ మేమూ, కాకులూ మిగిలాం. ఏం చెయ్యమంటారు?

లాస్ట్ బెంచి:

ముందు గెలవండి బ్రో. జనం వాళ్ళే వస్తారు.

మాజీ లెఫ్ట్ బ్యాక్ (గాజువాక):

పై కామెంట్‌తో నేను ఒప్పుకోను. 2018 జూన్‌లో ముంబైలో మన ఇండియా టీం చైనీస్ తైపీని 5-0తో కొట్టింది. కెప్టెన్ సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్, అంటే ఒక్కడే మూడు గోల్స్. చూడ్డానికి వచ్చింది ఎంతమందో తెలుసా? 2,569 మంది. ముంబై లాంటి ఊళ్ళో! ఆ మర్నాడు ఛెత్రీ ఓ చిన్న వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియంకి వచ్చి ఆ పని చెయ్యండి అని దండం పెట్టి అడిగాడు. కెన్యాతో తర్వాతి మ్యాచ్ అతనికి నూరోది, టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. రెండు రోజుల్లో టీం ఆట మారిపోలేదు కదా. మనిషి మొహం చూపించి అడిగాడు, అంతే.

మీరు పోస్టర్‌లో ఏం వేశారు? కాలేజీ లోగో, తేదీ, టైం అంతేనా? సెంటర్ ఫార్వర్డ్ ఎవరో, ఏ గ్రూప్‌లో చదువుతున్నాడో, పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసి ప్రాక్టీసుకి వస్తాడో, అవి రాశారా? తెలిసినవాడు ఆడుతుంటే జనం ఆగి చూస్తారు. తెలియనివాళ్ళు ఇరవై రెండు మంది పరిగెడుతుంటే ఎందుకు ఆగుతారు?

వాల్తేరు బాబాయి (రిటైర్డ్ రైల్వే):

బాబూ గోల్‌కీపరూ, నేను చెప్పేది కాస్త పొడుగు, ఓపిక పట్టి చదువు.

మన వాల్తేరు డివిజన్ ఆ రోజుల్లో సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేది. నేను అదే రైల్వేలో, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో పనిచేశాను. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో! 1997 జూలైలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, కలకత్తా క్లబ్బులు ఈస్ట్ బెంగాల్‌కీ మోహన్ బగాన్‌కీ మధ్య. తోటి ఉద్యోగి లోకల్ ట్రైన్‌లో కలకత్తా లాక్కుపోయాడు. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్ఫై వేల మంది. నాకు ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూడా అప్పటికి సరిగా తెలీదు. ఈస్ట్ బెంగాల్ ఆటగాడు బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, నా పక్కన ముసలాయన ఏడ్చేశాడు.

ఎందుకంటావు? తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఈస్ట్ బెంగాల్ పక్క, అక్కడి పాత కాపులు మోహన్ బగాన్ పక్క. ఆఖరికి చేపలు కూడా పంచుకున్నారు. ఈస్ట్ బెంగాల్ వాళ్ళది ఇలిష్, అంటే మన గోదావరి పులసే. మోహన్ బగాన్ వాళ్ళది రొయ్య. గెలిచిన రాత్రి ఆ చేప ఇంట్లో వండాల్సిందే. సగం మంది ఆట కోసం రాలేదయ్యా, ఎదుటివాడు ఓడిపోవడం చూద్దామని వచ్చారు.

అంచేత ఏడు మ్యాచ్‌లకీ జనాన్ని తేవాలని చూడకు. ఒక్కటి పట్టుకో. మీ రోడ్డుకి అవతల ఇంకో కాలేజీ ఉంటుంది, కేంటీన్‌లో సమోసా దగ్గర్నుంచి క్యాంపస్ సెలక్షన్ల దాకా వాళ్ళతో మీకు పడదు. వాళ్ళతో మ్యాచ్ పెట్టుకో. ఓడిపోయిన కాలేజీ గెలిచిన కాలేజీకి మురీ మిక్చర్ తినిపించాలని పందెం కట్టు. డబ్బు పందేలు మాత్రం వద్దు, గొడవలవుతాయి.

బీఎస్సీ సెకండియర్:

నేను చెప్పాల్సింది ఒకటుంది. పేరు చెప్పకపోయినా మీది మా కాలేజీయే అనిపిస్తోంది. అమ్మాయిలు రారు, వాళ్ళకి ఇంట్రెస్ట్ లేదు అని అబ్బాయిలు ఓ మాట అనేసి ఊరుకుంటారు. నేను ఒకసారి ఫ్రెండ్స్‌తో వెళ్ళాను. మ్యాచ్ మధ్యాహ్నం రెండు గంటలకి. నెత్తిమాడే ఎండ, దానికి తోడు వైజాగ్ ఉక్కపోత. నీడ ఉన్న ఒక్క వేపచెట్టు కింద సీనియర్లు బైకులు పెట్టుకుని కూర్చున్నారు. వచ్చేపోయే అమ్మాయిల మీద కామెంట్లు. తాగడానికి నీళ్ళు లేవు, గ్రౌండ్ దగ్గర బాత్రూం లేదు. పది నిమిషాలు నిలబడి వచ్చేశాం. మేం వెళ్ళిపోయిన సంగతి కూడా ఎవరూ చూసుండరు.

కాలేజీలో సగం మంది మేమే. ఆ చెట్టు కింద రెండు వరసల కుర్చీలు వేయించి, బైకులు అవతల పెట్టించండి. ఓ నీళ్ళ క్యాన్ పెట్టండి. ఇంకో మాట, మీ మ్యాచ్‌కి ముందు పావుగంట అమ్మాయిల ఫైవ్స్ (జట్టుకి ఐదుగురు ఆడే మ్యాచ్) పెడితే ఆడేవాళ్ళ ఫ్రెండ్స్ అందరూ వస్తారు. మాలో ఆడేవాళ్ళు ఉన్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

గోల్‌కీపర్:

సారీ అండీ. ఆ బైకుల్లో ఒకటి మా స్టాపర్ (మధ్యలో ఉండే డిఫెండర్)ది అయ్యుంటుందని నా అనుమానం. మీరు చెప్పినవన్నీ చేయించగలను, బాత్రూం ఒక్కటి తప్ప. లైబ్రరీ బ్లాక్ తాళం ఆ రెండు గంటలూ తీసి ఉంచమని అడుగుతాను.

టైం సంగతి: నవంబరులో ఐదున్నరకే చీకటి పడిపోతుంది, మాకు లైట్లు లేవు. మా మ్యాచ్‌లు హాఫ్‌కి 35 నిమిషాలే. మూడున్నరకి మొదలుపెడితే ఐదుకల్లా అయిపోవాలి. పీడీ సార్ ఒప్పుకున్నారు.

ఇంకో సమస్య చెప్పడం మర్చిపోయాను. మా గోల్ పోస్టులకి వలలు లేవు. రూల్ ప్రకారం వల తప్పనిసరి కాదని ఆఫీసులో అంటారు. గట్టు మీదనుంచి చూసేవాళ్ళకి బంతి లోపలికి వెళ్ళిందో పక్కనుంచి పోయిందో తెలీదు. గోల్ పడ్డాక "పడిందా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటారు. అరుపు రావాల్సిన చోట ప్రశ్న వస్తుంది.

పెదజాలారిపేట:

అన్నా, వల కోసం ఏడుస్తున్నావా? వైజాగ్‌లోనా!

కొలతలు చెప్పు. మా ఇంటెనక పాత నైలాన్ వలలు కుప్పగా పడున్నాయి. కోనాం చేపకి వేసే వల అయితే కన్ను పెద్దగా ఉంటాది, గాలి ఆగదు, బంతి ఆగుతాది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు కదలవు. ఆ రెండు నెలలూ మా పేటలో పిల్లలు ఇసకలో ఫుట్‌బాల్ ఆడతారు. పోస్టులు వెదురు కర్రలు, వల మాత్రం ఒరిజినల్.

గోల్‌కీపర్:

వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. వెనక్కి ఓ ఐదారు అడుగులు జాగా ఉంది.

పెదజాలారిపేట:

నాలుగు బారల వెడల్పు. ఇంతేనా? రెండు పోస్టులకీ చేసేద్దాం. మా బాబాయి వల కుడతాడు, ఆయనకి టీ, నాకు భోజనం. మా పేట పిల్లల్ని తెచ్చుకోవచ్చా? మీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు వాళ్ళని.

గోల్‌కీపర్:

వాచ్‌మన్‌తో నేను మాట్లాడతాను. ఎంతమందినైనా తీసుకురా.

గోల్‌కీపర్ (మూడు వారాల తర్వాత):

ఏం జరిగిందో చెప్పాలి కదా. నిన్న రోడ్డవతలి కాలేజీతో మ్యాచ్ అయింది. మిక్చర్ పందెంతో సహా. బాబాయి గారూ, పందెం మాట వాళ్ళ కేంటీన్‌లో చెప్పిన రోజే సగం పని అయిపోయింది.

జనం నూట అరవై పైనే, నేను లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాను, ఈసారి పని ఎక్కువగా ఉండటం వల్ల. అమ్మాయిల ఫైవ్స్‌కి కుర్చీలు చాలలేదు, ఆ మ్యాచ్ అయ్యాక కొంతమంది వెళ్ళిపోయారు గానీ చాలామంది ఉన్నారు. పోస్టర్ మీద మా లెఫ్ట్ వింగర్ ఫోటో వేసి "ఇంటర్‌లో ఫిజిక్స్ రెండుసార్లు తప్పాడు, లెఫ్ట్ సైడ్ నుంచి మాత్రం తప్పడు" అని రాశాం. వాడు రెండు క్రాస్‌లు (పక్కనుంచి గోల్ ముందుకి కొట్టే పాస్‌లు) తప్పాడు. గట్టు మొత్తం "ఫిజిక్స్! ఫిజిక్స్!" అని అరిచింది. వాడికి కోపం రాలేదు, మూడోది సరిగ్గా వేశాడు, గోల్ అయింది.

అయినా 2-1తో ఓడిపోయాం. కొత్త వలలో పడ్డ మొదటి గోల్ నేను వదిలిందే. వల బుస్సున వెనక్కి సాగింది, "పడిందా?" అని ఎవరూ అడగలేదు.

పేట పిల్లలు పదిహేను మంది దాకా మ్యాచ్ మొత్తం నా గోల్ వెనకే నిలబడ్డారు. బంతి తుప్పల దాకా వెళ్ళనివ్వలేదు. కానీ నోరు ఆగదు వాళ్ళకి. "అన్నా, ఎడం పక్క జాగా వదిలేస్తున్నావ్", "అన్నా, ముందుకి రా", "అన్నా, వాడు కుడికాలుతోనే కొడతాడు". చివరిది నిజమే, రెండో గోల్ అయ్యాక తెలిసింది.

పెదజాలారిపేట తమ్ముడూ, కుడిపక్క పోస్టు కింద ఒక ముడి ఊడింది. గురువారం ఇంకో మ్యాచ్ ఉంది, మీ బాబాయిని ఆలోపు ఓసారి పంపు. మిక్చర్ బాకీ కూడా ఇంకా తీర్చలేదు, చందాలు వేసుకుంటున్నాం.