స్లాబ్ కారుతోంది: వారంటీ ఇచ్చే కంపెనీకా, తెలిసిన మేస్త్రీకా?

తెనాలి అబ్బాయి
అందరికీ నమస్కారం. తెనాలిలో మా డాబా ఇల్లు 2003లో కట్టింది. స్లాబ్ వెయ్యి చదరపు అడుగులు ఉంటుంది. పోయినేడు వానల నుంచి హాల్లో, వంటగదిలో పైకప్పు చెమ్మ పడుతోంది. ఈసారి వంటగదిలో పెచ్చు ఊడి పడింది, లోపల ఇనుము కనిపిస్తోంది. అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, నేను బెంగళూరులో ఉంటాను.

ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. ఒకరు వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ మనిషి. పాలీయురేథేన్ కోటింగ్ రెండుసార్లు వేస్తాం, పదేళ్ళ వారంటీ, సగం డబ్బు ముందే ఇవ్వాలి అన్నాడు. రెండో ఆయన నాన్నకు బాగా తెలిసిన మేస్త్రీ. పాత ప్లాస్టరింగ్ కొట్టేసి, వాటం (నీళ్ళు గొట్టం వైపు జారే వాలు) సరిచేసి, సిమెంట్‌లో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్ళీ వేస్తానంటున్నాడు. రేటు కంపెనీ చెప్పినదానిలో సగమే, కానీ కాగితం మీద ఏమీ లేదు. నాన్న మేస్త్రీకే ఇద్దామంటారు. నాకేమో కంపెనీయే మంచిదనిపిస్తోంది. మీరైతే ఎవరికిస్తారు?

కాకినాడ వాసి
కంపెనీకే ఇవ్వండి. రేపు మళ్ళీ కారితే మేస్త్రీని ఏమని పట్టుకుంటారు? బిల్లు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 2019 చట్టంలో ఇంటి నిర్మాణం కూడా సేవ కిందికే వస్తుంది. మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. పని విలువ 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు, 2 ఏళ్ళలోపు వేయాలి అంతే. ముందు 1915కి ఫోన్ చేసి సలహా అడగొచ్చు. పైగా రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ప్రకారం 5 ఏళ్ళ బాధ్యత ఎలాగూ ఉంటుంది.

నల్లగొండ బిడ్డ
అన్నా, రెరా సంగతి ఇక్కడికి రాదు. ఆ 5 ఏళ్ళ బాధ్యత ఫ్లాట్లు, విల్లాలు కట్టి అమ్మే బిల్డర్ మీద ఉంటుంది. మన ఇంటికి మనం పెట్టుకున్న రిపేరు కాంట్రాక్టర్‌కు అది వర్తించదు.

ఇక వారంటీ కార్డు వెనక వైపు ఎవరైనా చదివారా? మా బావ వాళ్ళింటికి ఇచ్చిన కార్డు నేను చదివాను. స్లాబ్‌లో కొత్త పగుళ్ళు వస్తే వర్తించదు. పైన నీళ్ళు నిలిస్తే వర్తించదు. కోటింగ్ మీద ఎవరైనా మేకు కొట్టినా, టైల్స్ వేసినా వర్తించదు. అన్నీ దాటుకుని వస్తే డబ్బా మెటీరియల్ ఉచితంగా ఇస్తారు, కూలీ మనదే. రెండో ఏడు మళ్ళీ కారితే వాళ్ళు చేసింది అదే. మేస్త్రీ అయితే అదే ఊళ్ళో బతకాలి. చెడ్డపేరు వస్తే పక్క వీధిలో పని దొరకదు. తెనాలి తమ్ముడూ, నాన్నగారి మాట విను.

కాకినాడ వాసి
ఒక కార్డు చూసి కంపెనీలన్నీ అంతే అంటే ఎలా? సంతకం పెట్టక ముందే ఆ షరతులు చదువుకోవచ్చు కదా. మేస్త్రీ దగ్గర చదవడానికి కూడా ఏమీ లేదు. మా పిన్ని వాళ్ళ మేస్త్రీ కూడా ఊళ్ళో మంచిపేరున్నవాడే. డాబా మళ్ళీ కారాక ఫోన్ ఎత్తడం మానేశాడు. ఊరిమనిషి కదా అని ఎవరూ గట్టిగా అడగలేకపోయారు. తెలిసినవాడు కావడం వల్ల వచ్చే ఇబ్బంది అదే.

వరంగల్ సివిల్
వృత్తిరీత్యా ఇంజనీరును. మీరిద్దరూ వాదించుకుంటున్నారు కానీ, తెనాలి బాబూ, ఆ వచ్చిన ఇద్దరిలో ఒక్కరైనా నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చెప్పారా? మీరు రాసినదాన్ని బట్టి చెప్పలేదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందు రాసినట్టుంది. నా లెక్కలో కాంట్రాక్టర్ నమ్మదగినవాడా కాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

చెమ్మకు కారణాలు చాలా ఉంటాయి. పిట్టగోడ, స్లాబ్ కలిసే చోట సందు ఉండొచ్చు. వాననీటి గొట్టం చుట్టూ కాంక్రీటు వదులై ఉండొచ్చు. వాటం పోయి నీళ్ళు నిలుస్తూ ఉండొచ్చు. ట్యాంకు కింద పైపు లీకై ఉండొచ్చు. వంటగది పైన ట్యాంకు ఉందా? ఎండాకాలంలో కూడా అక్కడ చెమ్మ ఉందా? ఉంటే అది వాన పని కాదు, పైపు పని. దానికి పాలీయురేథేన్ ఎన్నిసార్లు పూసినా ఆగదు.

తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. డాబా మీద ఇసుక, సిమెంట్‌తో చిన్న గట్లు కట్టి భాగాలుగా విడదీయండి. గొట్టాలు మూసి ఒక్కో భాగంలో అంగుళం ఎత్తు నీళ్ళు నిలబెట్టి 24 నుంచి 48 గంటలు ఉంచండి. కింద ఎక్కడ తడి వస్తోందో చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. కానీ పెచ్చులూడిన గది పైన ఎవరైనా ఇంజనీరు చూసేదాకా నీళ్ళు నిలబెట్టొద్దు.

రెండో సంగతి ఇనుము. తుప్పు పట్టిన ఇనుము రెట్టింపు కంటే ఎక్కువగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలి పెచ్చు ఊడుతుంది. పైన కోటింగ్ వేసి కింద ఊడిన చోట మామూలు ప్లాస్టరింగ్ చేస్తే కొన్నాళ్ళకు మళ్ళీ ఊడుతుంది. డొల్లగా మోగే కాంక్రీటంతా కొట్టేయాలి. ఇనుము చుట్టూ, వెనక కూడా తుప్పు గీకి, తుప్పు నిరోధించే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాలి. ఊచ బాగా సన్నబడి ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పినట్టు కొత్త ఊచ జోడించాలి. ఈ మాట కంపెనీ మనిషీ ఎత్తలేదు, మేస్త్రీ కూడా ఎత్తలేదు. నాకు భయం వేసింది ఇక్కడే.

మూడోది బరువు. మేస్త్రీ పాతది కొట్టేస్తానన్నాడు, మంచిదే. ఆ మాట మీద నిలబడేలా చూసుకోండి. వెయ్యి చదరపు అడుగుల మీద రెండంగుళాల సిమెంట్ పొర అంటే దాదాపు 10 టన్నులు. పాతది ఉండగానే దాని మీద కొత్తది పోసేవాళ్ళను చాలామందిని చూశాను. ఇనుము బయటపడ్డ స్లాబ్ మీద ఆ పని అస్సలు చేయనివ్వకూడదు.

గుంటూరు కాంట్రాక్టర్
ఈ పనే చేసేవాణ్ణి కాబట్టి మా వైపు మాట కూడా చెప్పాలి. ఇంజనీరు గారు చెప్పినట్టు నీళ్ళు కట్టి చూద్దామంటే పది మందిలో ఎనిమిది మంది ఒప్పుకోరు. ఫోన్ ఎత్తగానే అడిగేది చదరపు అడుగుకు ఎంత అని. నేను ఒక రేటు చెప్తే పక్కవాడు అంతకంటే తక్కువకు చేస్తానన్నాడంటారు.

రేటు తెగ్గోస్తే కోత పడేది కంటికి కనపడని చోటే. నాచు, దుమ్ము పూర్తిగా గీకరు. పగుళ్ళను వి ఆకారంలో తెరిచి నింపరు. ప్రైమర్ ఎగ్గొడతారు. డబ్బాలో మోతాదుకు మించి నీళ్ళు పోసి ఎక్కువ చోటుకు పులుముతారు. పూర్తయ్యాక చూస్తే తెల్లగా మెరుస్తూ అందంగానే ఉంటుంది. ఎండ తగ్గించే కూల్‌రూఫ్ పెయింట్ వేసి అదే వాటర్‌ప్రూఫింగ్ అని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. రెండూ వేరు.

కాబట్టి రేటు కాకుండా ఇవి అడగండి. ఏ మెటీరియల్, లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుంది, మన స్లాబ్‌కు ఎన్ని డబ్బాలు కావాలి. డబ్బా మీదే రాసి ఉంటుంది, లెక్క వేసుకోండి. సీలు తీయని డబ్బాలు మీ ఇంటి దగ్గరే దింపించండి, ఖాళీవి పని అయ్యేదాకా పారేయనివ్వకండి. మెటీరియల్ డబ్బు మీరే షాపులో కట్టేస్తే అడ్వాన్స్ గొడవే ఉండదు.

విశాఖ గృహిణి
నేను ఒక్కదాన్నే ఉండి ఈ పని చేయించాను, మా వారు ఓడల్లో పనిచేస్తారు. సముద్రం దగ్గర ఇల్లు, ఉప్పుగాలికి ఇనుము త్వరగా పోతుంది. నేను పెట్టుకున్నది కూడా మేస్త్రీనే, కానీ కాగితం రాయించుకున్నాను. తెల్లకాగితం మీద ఏ పని, ఏ మెటీరియల్, ఏ దశలో ఎంత డబ్బు, మళ్ళీ కారితే ఎన్నాళ్ళ వరకు ఉచితంగా చేస్తాడు అన్నీ రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. మేస్త్రీలు కాగితం మీద సంతకం పెట్టరని మనమే అనుకుంటాం.

డబ్బు ఫోన్‌పేలో పంపాను, మాటలు వాట్సాప్‌లో ఉంచాను. కాకినాడ వాసి గారూ, మీరన్న కమిషన్‌కు వెళ్ళాల్సి వస్తే ఇవి కూడా రుజువుగా చూపొచ్చు, కంపెనీ బిల్లే కావాలని లేదు.

ఇంకోటి. పాత పనులు చూపించమంటే అందరూ ఫోన్లో ఫొటోలు చూపిస్తారు. కనీసం మూడు వానాకాలాలు దాటిన ఇల్లు చూపించమని అడగండి. అక్కడికి వెళ్ళి ఇంటాయన్ని కాకుండా ఆ ఇంటి ఆడవాళ్ళను అడగండి. వాన పడ్డప్పుడు కింద బకెట్ పెట్టిందీ, బట్టలు జరిపిందీ వాళ్ళే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తారు. చివరి 20 శాతం డబ్బు మాత్రం వానాకాలం దాటాకే ఇచ్చాను.

గుంటూరు కాంట్రాక్టర్
అమ్మా, అన్నీ ఒప్పుకుంటాను, ఆ 20 శాతం మాట ఒప్పుకోను. జనవరిలో చేసిన పనికి అక్టోబరు దాకా డబ్బు ఆపితే మా కూలీలకు వారం వారం ఎక్కడి నుంచి ఇవ్వాలి? వాన వెళ్ళాక కూడా ఇవ్వకుండా తిప్పించినవాళ్ళు నాకు తెలుసు. మీరు మేస్త్రీని నమ్మనట్టే మేమూ ఇంటివాళ్ళను నమ్మలేని పరిస్థితి ఉంది.

వరంగల్ సివిల్
ఆయన మాటలో న్యాయం ఉంది. పని అయ్యి కోటింగ్ ఆరాక అదే నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయండి. 48 గంటలు కారకపోతే దాదాపు మొత్తం ఇచ్చేయండి. వాన కోసం 5 శాతం ఆపితే చాలు, అది కూడా ముందే కాగితం మీద రాసి ఉండాలి.

విశాఖ గృహిణి
5 శాతం కోసం ఎవరూ తిరిగి రారండి. నేను 20 దగ్గరే ఉంటాను. అయితే అంత ఆపుతున్నప్పుడు రేటు బేరమాడకూడదు, నేను ఆడలేదు.

తెనాలి అబ్బాయి
అందరికీ ధన్యవాదాలు. ముందు ఇంజనీరును పంపి చూపించాను. వంటగది స్లాబ్ పడిపోయే స్థితిలో లేదు, కానీ రెండు ఊచలు మార్చాలన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే అడ్వాన్స్ ఇచ్చాకే పరీక్ష చేస్తామన్నారు. మేస్త్రీ మర్నాడే వచ్చాడు. హాలు పైన నీళ్ళు కడితే పిట్టగోడ మూల నుంచి తడి దిగింది. వంటగది పైన ట్యాంకు పైపు కీలు దగ్గర లీకు ఉంది, అక్కడ నీళ్ళు కట్టే అవసరమే రాలేదు.

పైపు ప్లంబర్ చేత మార్పించాం. ఊచల పని మాత్రం మేస్త్రీకి ఇవ్వడం లేదు. ఈ మోర్టార్ తను ఎప్పుడూ వాడలేదని ఆయనే చెప్పాడు. అది ఇంజనీరు చెప్పిన మనుషులకు, పిట్టగోడ, వాటం మేస్త్రీకి ఇస్తున్నాం. ఇప్పుడు వానలు కాబట్టి వాటం పని స్లాబ్ బాగా ఆరాక, జనవరిలో. కాగితం నాన్న రాస్తున్నారు. చివరి వాయిదా 10 శాతం అని పెట్టాం, మేస్త్రీ ఒప్పుకున్నాడు.