ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాళ్లకు ఇప్పుడు టెట్టా?

చాక్‌పీసు:
2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లలో రిటైర్మెంటుకు అయిదేళ్లకు మించి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, పాసవ్వాలి. కాకపోతే తప్పుకోవాలి, లేదా బలవంతపు రిటైర్మెంటు. అయిదేళ్ల లోపు ఉన్నవాళ్లకు ఉద్యోగం ఉంటుంది, ప్రమోషన్ కావాలంటే వాళ్లూ రాయాల్సిందే. నేను 2002 డీఎస్సీ (టీచర్ ఉద్యోగాల ఎంపిక పరీక్ష) బ్యాచ్. అప్పటికి టెట్ అన్నదే లేదు. ఉన్న పరీక్ష రాశాం, మెరిట్‌లో వచ్చాం. ఆట సగంలో రూలు మారిస్తే ఎలా?

టెట్_127:
మేడం, 150కి 90 తెచ్చుకుంటే చాలు. బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60. పిల్లల్ని రోజూ పరీక్షలకు కూర్చోబెట్టేవాళ్లు ఒక్క పరీక్షకు ఇంత టెన్షన్ పడితే ఎలా?

చాక్‌పీసు:
నేను అడిగింది మార్కుల సంగతి కాదు బాబూ. టీచర్ల అర్హతలు నిర్ణయించే ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్ ఒకసారి తీసి చదువు. అంతకుముందు రూల్స్ ప్రకారం చేరినవాళ్లకు అందులోనే మినహాయింపు ఉంది. ప్రభుత్వం రాసిచ్చిన మాట అది.

లా_పాయింట్:
నోటిఫికేషన్ కన్నా చట్టం పెద్దది. విద్యా హక్కు చట్టం 23వ సెక్షన్‌ను 2017లో సవరించారు. 2015 మార్చి 31 నాటికి సర్వీసులో ఉండి కనీస అర్హత లేనివాళ్లు నాలుగేళ్లలో తెచ్చుకోవాలన్నారు. ఆ గడువు 2019 మార్చితోనే అయిపోయింది. పూర్తి న్యాయం కోసం రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారం వాడి సుప్రీంకోర్టు ఇప్పుడు ఇచ్చింది అదనపు సమయం.

చాక్‌పీసు:
2017లో ఏ డీఈఓ ఆఫీసు నుంచి మాకు ఆ సంగతి చెప్పారు? ఒక్క సర్క్యులర్ చూపించండి.

లా_పాయింట్:
చట్టం తెలియదంటే కోర్టులో చెల్లదండీ.

చాక్‌పీసు:
సర్క్యులర్ చూపించమన్నాను.

బయాలజీ_సార్:
నాదొక్క మాట. నేను స్కూల్ అసిస్టెంట్, బయాలజీ. ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లు రాసే తెలంగాణ టెట్ పేపర్ 2లో గణితం, సైన్సు కలిపి 60 మార్కులు. డిగ్రీలో కూడా లెక్కలు చదవలేదు నేను. పిల్లలకు ఎప్పుడూ చెప్పని సబ్జెక్టులో నన్ను పరీక్షించి ఏం తేలుస్తారు?

టెట్_127:
ఆ పేపరే మేమూ రాశాం సార్.

2003_బ్యాచ్:
మా గోడు వినేవాళ్లెవరు? నోటిఫికేషన్ 2003లో, పోస్టింగ్ 2005లో. 2004 సెప్టెంబరు దాటిందని సీపీఎస్‌లోకి, అంటే మా జీతంలోంచి వాటా కోసే కొత్త పెన్షన్ పథకంలోకి, తోశారు. ఆ ఆలస్యం మా తప్పా? పాత పెన్షన్ పోయింది, ఇప్పుడు ఉద్యోగానికి కూడా గడువు పెట్టారు.

పేరెంట్_కర్నూలు:
సీపీఎస్ సంగతి ఇక్కడ ఎందుకు?

2003_బ్యాచ్:
మీకు అర్థం కాదులెండి.

టెట్_127:
నిజం చెప్పుకుందాం. జనాభా లెక్కలు, ఎన్నికల డ్యూటీ, మరుగుదొడ్ల ఫోటోలు అప్‌లోడ్ చేయడం... చదవడానికి టైం లేదంటారు. ఆ టైం మాకెక్కడుంది? నేను ప్రైవేటు స్కూల్లో చేస్తున్నాను. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం స్టడీ అవర్ దాకా అక్కడే. సెలవుల్లో జీతం ఉండదు. రాత్రిళ్లు చదివే 127 తెచ్చుకున్నాను.

చాక్‌పీసు:
మా ఉద్యోగాలు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని కాచుక్కూచున్నావని సూటిగా చెప్పొచ్చుగా.

టెట్_127:
అవును, చూస్తున్నాను. తప్పేముంది? డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ వయసు దాటిపోతోంది. మీరు ఫెయిలైతే మీ పోస్టు, పాసైతే మీ ప్రమోషన్‌తో ఒక పోస్టు. ఎలాగైనా మాకు దారి దొరుకుతుంది.

బయాలజీ_సార్:
పెద్దావిడతో మాట్లాడే పద్ధతి అది కాదు తమ్ముడూ.

టెట్_127:
ఆవిడ నన్ను కాచుక్కూచున్నావంది, అది పద్ధతేనా అన్నా?

చాక్‌పీసు:
సరే, ఉన్నమాట నేనూ చెబుతాను. టెట్ నాకు భయం లేదు, రాస్తే పాసవుతాను. నా మండలంలో నాకన్నా పదేళ్లు వెనక చేరినవాళ్లకు టెట్ ఉంది. రేపు సీనియారిటీ లిస్టులో ముందున్నా, టెట్ లేదని నన్ను పక్కనపెట్టి వాళ్లను స్కూల్ అసిస్టెంట్లను చేస్తారు. నా దగ్గర ట్రైనింగ్ తీసుకున్న పిల్లల కింద నేను పనిచేయాలి. ఇరవై మూడేళ్ల సర్వీసుకు విలువ సున్నానా? నా అసలు బాధ అది.

లా_పాయింట్:
ప్రమోషన్‌కు టెట్ అన్నది ఇప్పుడే పుట్టలేదు. 2023లో మద్రాస్ హైకోర్టు కూడా ప్రమోషన్లకు టెట్ కావాలనే చెప్పింది.

చాక్‌పీసు:
మీరు సెక్షన్లు చెబుతూనే ఉండండి.

పేరెంట్_కర్నూలు:
నాకో అనుమానం. ఈ నిబంధన ప్రైవేటు స్కూళ్లకూ ఉంది కదా? మా అమ్మాయి స్కూల్లో ఎంతమందికి టెట్ ఉందో కనుక్కోవాలి.

లా_పాయింట్:
ఉంది. ప్రభుత్వ సాయం తీసుకోని అన్‌ఎయిడెడ్ స్కూళ్లకూ వర్తిస్తుంది. మైనారిటీ విద్యాసంస్థల విషయం మాత్రం పెద్ద ధర్మాసనానికి పంపారు.

టెట్_127:
మా స్టాఫ్‌లో టెట్ ఉన్నది నాకూ ఇంకొకరికీ. జీతం అందరికీ ఒకటే. తనిఖీకి వచ్చినవాళ్లు ఏనాడూ సర్టిఫికెట్ అడగలేదు. అందుకే ప్రభుత్వ బడి టీచర్ల మీద మాత్రమే కత్తి వేలాడుతోందని మేడం బాధపడితే, ఆ ఒక్క విషయంలో నేనూ ఏకీభవిస్తాను. మిగతా దాంట్లో కాదు. ఆ 90 మార్కులు మాత్రం తెచ్చుకోవాల్సిందే.

చాక్‌పీసు:
మళ్లీ 90 దగ్గరికే వచ్చావు. నా సర్క్యులర్ ఎవరూ చూపించలేదు.

2003_బ్యాచ్:
ఇన్ సర్వీసు వాళ్లకు పేపర్ 1 (ఒకటి నుంచి అయిదు తరగతుల టీచర్లది) మెటీరియల్ ఉంటే ఎవరైనా పంపండి. తెలుగు మీడియం.