సిటీ చార్టర్ మార్పు పిటిషన్ మీద సంతకం పెట్టొచ్చా? కౌన్సిల్ వద్దంటోంది

శ్రీదేవి_టెక్సస్:
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఒక సిటీలో ఉంటున్నాం, నాకు సిటిజన్‌షిప్ ఈ మధ్యే వచ్చింది. మొన్న ఇండియన్ స్టోర్ బయట ఒకాయన పిటిషన్ పట్టుకుని సంతకాలు అడుగుతున్నాడు. కౌన్సిల్ పెద్ద కాంట్రాక్టు ఏది ఇవ్వాలన్నా, ఓటింగ్‌కి ముందే పూర్తి కాగితాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని చార్టర్‌లో చేర్చాలట. నాకైతే న్యాయంగానే అనిపించింది. కానీ మా ఏరియా కౌన్సిల్ మెంబర్ మాత్రం ఇలాంటివన్నీ జనం ఓటుకి వదిలేస్తే సిటీ నడవదు, సంతకం పెట్టకండి అంటున్నారు. కౌన్సిల్‌కి ఇష్టం లేకపోతే ఇది అక్కడితో ఆగిపోతుందా? మా వారికి ఇంకా గ్రీన్‌కార్డే, ఆయన పెట్టొచ్చా?

రమణ_ప్లేనో:
ఆగదండి. టెక్సస్ చట్టం ప్రకారం సిటీలో అర్హులైన ఓటర్లలో 5 శాతం మంది గానీ 20,000 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సంతకాలు సరిగ్గా ఉంటే కౌన్సిల్ దాన్ని ఓటుకి పెట్టి తీరాలి. నచ్చిందా లేదా అన్న ప్రశ్నే లేదు. చార్టర్ అంటే ఆ ఊరికి రాజ్యాంగం లాంటిది, దాన్ని మార్చే ఆఖరి మాట ఓటర్లదే. కౌన్సిల్ తనంతట తాను మార్పు కోరుకున్నా ఎన్నిక పెట్టాల్సిందే. మన హైదరాబాద్‌లో కార్పొరేషన్ చట్టం మార్చాలంటే అసెంబ్లీలో జరగాలి, ఊళ్లో వాళ్లని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతున్నారు కాబట్టి ఆ హక్కు వదులుకోకండి.
మీ వారు సంతకం పెట్టకూడదు, ఆ సిటీ ఓటర్లే పెట్టాలి.

కిరణ్_నార్త్‌డాలస్:
రమణ గారు చెప్పింది నిజమే కానీ ఓటుకి పెట్టడం వేరు, సరిగ్గా పెట్టడం వేరు. 2024 నవంబర్‌లో మా డాలస్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక గ్రూపు సంతకాలు సేకరించి మూడు చార్టర్ మార్పులు బ్యాలెట్ మీదికి తెచ్చింది, అవి ఎస్, టి, యు. కౌన్సిల్ వాటిని ఆపలేక, వాటికి పోటీగా కె, ఎం, ఎన్ అని సొంతంగా మూడు తయారు చేసి అదే బ్యాలెట్ మీద పెట్టబోయింది. వాటిలో అసలు కిటుకేంటంటే, కౌన్సిల్‌వి గెలిస్తే పిటిషన్‌వి చెల్లవు అని. అంటే ఓటరు రెండింటికీ అవును అని కొడితే తాను దేనికి ఓటేశాడో తనకే తెలియదు. చివరికి టెక్సస్ సుప్రీంకోర్టు ఇది ఓటర్లని అయోమయంలో పడేస్తుందని చెప్పి కౌన్సిల్ తయారు చేసిన ఆ మూడింటినీ బ్యాలెట్ నుంచి తీయించింది. ఎస్, యు గెలిచాయి, టి ఓడిపోయింది. ఎస్, టి, యుల మంచిచెడ్డలు పక్కన పెట్టండి, జనాన్ని తికమక పెట్టి గెలవాలని చూడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వద్దనుకుంటే వద్దని ప్రచారం చేసుకోవచ్చు కదా!
బ్యాలెట్ మీద వచ్చే వాక్యం కౌన్సిలే రాస్తుంది. కాబట్టి ఆ రెండు లైన్లు చూసి ఓటేయకండి, అసలు సవరణ మొత్తం చదవండి.

సుధాకర్_ఇర్వింగ్:
నేను కొంచెం అటువైపు మాట్లాడతాను. డాలస్‌లో గెలిచిన ఆ యు ఏం చెప్తుందో కూడా చెప్పాలి కదా కిరణ్. ఏటా సిటీకి పెరిగే ఆదాయంలో కనీసం సగం పోలీస్, ఫైర్ పెన్షన్‌కీ పోలీసుల సంఖ్యను కనీసం 4,000కి తేవడానికీ పోవాలి. పోలీసులు కావాల్సిందే, కాదనను. కానీ రేపు రోడ్లకో నీటి పైపులకో అర్జంటుగా డబ్బు కావాలంటే ఆ సగం ముట్టుకోవడానికి లేదు. పైగా ఒకసారి చార్టర్ మార్చాక మళ్లీ రెండేళ్ల దాకా మార్చకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది, తప్పు రాసుకుంటే దానితోనే బతకాలి. బడ్జెట్ లెక్కలని చార్టర్‌లో బిగించేయడం నాకు భయం. మీ కౌన్సిల్ మెంబర్ అన్నదాంట్లో ఆ మేరకు నిజం ఉందమ్మా.

కిరణ్_నార్త్‌డాలస్:
సుధాకర్ అన్నా, యు విషయంలో మీతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ శ్రీదేవి గారి పిటిషన్ డబ్బు గురించి కాదు, కాగితాలు బయట పెట్టడం గురించి. దానివల్ల సిటీ ఎందుకు నడవదో ఆ కౌన్సిల్ మెంబర్ చెప్పాలి. ఇంకోటి, జనం ప్రతిదానికీ తలూపుతారన్న భయం అక్కర్లేదు. 2021లో ఆస్టిన్‌లో మేయర్‌కి పెద్ద అధికారాలు ఇచ్చే మార్పు పెడితే చిత్తుగా ఓడించారు. 2023లో శాన్ ఆంటోనియోలో పోలీసింగ్ గురించి చాలా అంశాలు ఒకే మూటలో కట్టి పెట్టినదాన్నీ తిప్పి కొట్టారు.

లక్ష్మి_హ్యూస్టన్:
మాది హ్యూస్టన్. ఇక్కడ కౌన్సిల్ అజెండాలో ఏముండాలో దాదాపు అంతా మేయర్ చేతిలోనే ఉండేది. ముగ్గురు కౌన్సిల్ మెంబర్లు కలిస్తే ఒక అంశాన్ని అజెండాలో పెట్టించవచ్చు అనే మార్పు కోసం 2021లో సంతకాలు ఇచ్చారు. ఓటు ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2023 నవంబర్‌లో! ఎన్నిక తేదీ విషయంలో చట్టంలో ఉన్న వెసులుబాటు అలా వాడుకున్నారు. తీరా ఓటు పెడితే 80 శాతం పైగా అవునన్నారు. అంతమంది కోరుకున్నదాన్ని రెండేళ్లు పక్కన పెట్టారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కాబట్టి సంతకం పెట్టి ఇంట్లో కూర్చోకండి, ఎన్నిక ఏ తేదీకి పెడుతున్నారో కూడా అడుగుతూ ఉండండి.

శ్రీదేవి_టెక్సస్:
చాలా థాంక్స్ అండి. చార్టర్ పాఠం, సవరణ పూర్తి డ్రాఫ్ట్ రెండూ తెచ్చుకుని చదివాకే పెడతాను. మా వారు మాత్రం ఓటు లేనివాడిని నేనేం చేయగలను అని నీరుగారిపోయారు.

రమణ_ప్లేనో:
చేయగలిగింది చాలా ఉంది! టెక్సస్‌లో సిటీ రికార్డులు అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు, హెచ్1 మీద ఉన్నవాళ్లూ అడగొచ్చు. ఈమెయిల్‌లో రాసి పంపితే చాలు, ఎందుకని వాళ్లు ప్రశ్నించకూడదు. ఏదైనా కాగితం దాచాలనుకుంటే సిటీ 10 పని దినాల్లో స్టేట్ అటార్నీ జనరల్‌ని నిర్ణయం అడగాలి, ఊరికే లేదనడానికి కుదరదు. అలాగే కౌన్సిల్ మీటింగ్‌లో అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే అవకాశం జనానికి ఇవ్వాలని 2019 నుంచి చట్టంలో ఉంది. మీ వారిని పోయినసారి పెద్ద కాంట్రాక్టు ఏదైతే ఇచ్చారో దాని కాగితాలు అడగమనండి. ఎంత తేలిగ్గా ఇచ్చారో, ఎంత తిప్పించారో చూస్తే ఈ పిటిషన్ మీ సిటీకి అవసరమో కాదో మీకే తెలుస్తుంది.

సుధాకర్_ఇర్వింగ్:
ఇది మంచి సలహా. సంతకాలు సేకరించేవాళ్లకి డబ్బు ఎవరిస్తున్నారో కూడా ఆ స్టోర్ బయట పిటిషన్ పట్టుకున్నాయన్నే నేరుగా అడగండి అమ్మా. చెప్పకపోతే నేనైతే సంతకం పెట్టను.