పలకరిస్తే ముఖం తిప్పుకునే వారితో ఎలా ఉండాలి?

అందరికీ వందనాలు. ఒక విషయంలో మీ సలహా కావాలి.

మా కార్యాలయంలో ఒకావిడ కొన్ని నెలలుగా నా పలకరింపుకు బదులివ్వడం లేదు. లిఫ్టులో ఎదురై నవ్వితే చేతిలోని ఫోను వైపు చూపు దించుకుంటారు. మనవాళ్లకు మాత్రమే వందనం చేస్తే అందులో విశేషమేముందని యేసు ప్రభువు అడిగిన మాట (మత్తయి 5:47) నన్ను వదలదు. అందుకే మానలేదు.

గత వారం ఆమె కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. అది గమనించేలోపే అలవాటు కొద్దీ హుషారుగా పలకరించేశాను. ఆమె పెదవి వణికింది, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. దుఃఖంలో ఉన్నవారికి పాటలు వినిపించడం చలిలో పైబట్ట తీసేయడం లాంటిదని సామెతలు 25:20 చెబుతుంది. ఆ రాత్రి అది చదివి చాలా బాధపడ్డాను.

కరుణించేవారు సంతోషంతో కరుణించాలని రోమా 12:8 అంటుంది. అదే అధ్యాయం 15వ వచనం ఏడ్చేవారితో ఏడవమంటుంది. నాకు మొదటిదే అలవాటైంది, రెండోది చేతకావడం లేదు.

ఇప్పుడు వెళ్లి క్షమాపణ అడగనా, చిన్న చీటీ రాయనా? ఆవిడ క్రైస్తవురాలు కాదు, మతం గురించి మాట్లాడటానికే దగ్గరవుతున్నానని అనుకుంటారేమోనని భయం. ఇలాంటి పరిస్థితి ఎదురైనవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.