అప్‌డేట్: షేవింగ్ స్టిక్‌ని గిన్నెలోకి మార్చేశాను

టర్కీ వాళ్ల ఆర్కో షేవింగ్ స్టిక్‌ను (కడ్డీలా ఉండే షేవింగ్ సబ్బు) కరిగించి, బ్రష్‌తో వాడుకునేలా గిన్నెలో పోసుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కరిగించొద్దు, తురుమండి అన్నవాళ్లకి చాలా థాంక్సండీ. మీ మాటే విన్నాను.

ఆర్కో మరీ గట్టి సబ్బు కాదు, తురుముపీట మీద సులువుగానే దిగింది. 75 గ్రాముల స్టిక్‌లో సగమే తురిమాను. అడుగు వెడల్పుగా ఉన్న పింగాణీ గిన్నెలో కొంచెం కొంచెంగా వేస్తూ, గోరువెచ్చటి నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించి, బొటనవేలితో గట్టిగా అదిమాను. మధ్యలో గాలి ఉంటే తర్వాత పెచ్చులు లేస్తుంది, ఆ అదమడంలోనే ఉంది పనంతా. రాత్రంతా మూత పెట్టకుండా ఆరనిచ్చాను. ఇప్పుడు గిన్నెలో బ్రష్ తిప్పగానే దానికి సబ్బు పడుతోంది.

మిగతా సగం స్టిక్‌గానే ఉంచాను, ఊళ్లకెళ్లినప్పుడు గిన్నె మోయక్కర్లేదు. తడిపిన గడ్డం మీద వెంట్రుకలకు ఎదురుగా రుద్ది, తడి బ్రష్‌తో ముఖం మీదే నురగ లేపుకోవచ్చు.

ఒంటి సబ్బు తురిమినా చాలదా అని ఒకరు అడిగారు. చాలదండీ. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, పొటాషియం లవణాలూ ఉంటాయి. అందుకే నురగ చిక్కగా నిలుస్తుంది. ఒంటి సబ్బు నురగ గీసేలోపే ఆరిపోతుంది.

బోరు నీళ్లవాళ్లు మాత్రం నురగకి ఫిల్టర్ నీళ్లు వాడి చూడండి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. మా ఇంట్లో తేడా మొదటిరోజే తెలిసింది.